ట్రైలర్ లాగడానికి సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొంటున్నారా? ముందు డ్రైవర్ డోర్ తెరిచి చూడండి

మూడేళ్ళ క్రితం మేం చేసిన తప్పుతో మొదలుపెడతాను, కనీసం మీకైనా ఆ ఖర్చు తప్పుతుంది. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి పాలో డ్యూరో కెన్యన్‌కి బయల్దేరాం. ముందు నేనూ మా ఆవిడా, మధ్యలో ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా, మూడో వరసలో పిల్లలిద్దరూ, బండి వెనక అద్దెకు తెచ్చిన చిన్న క్యాంపర్, అంటే లోపల పడుకునే వీలున్న ట్రైలర్. మా మిడ్‌సైజ్ ఎస్‌యూవీ 5,000 పౌండ్లు లాగుతుందని అమ్మినాయన చెప్పాడు, కాగితాల్లో కూడా అదే ఉంది. ట్రైలర్ సామానుతో కలిపి 3,800. ఇంకా 1,200 పౌండ్లు చేతిలో ఉన్నాయి కదా అని ధీమాగా ఉన్నాం. డెకటూర్ దాటి 287 హైవే మీద చీకటి పడ్డాక ఎదురుగా వచ్చే ప్రతి ట్రక్కూ నాకు లైట్లు కొట్టడం మొదలెట్టింది. నేనేమో లో బీమ్‌లోనే ఉన్నాను. గ్యాస్ స్టేషన్‌లో ఆగి చూస్తే బండి వెనక కుంగిపోయి ముక్కు పైకెత్తింది, హెడ్‌లైట్లు తిన్నగా ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి కొడుతున్నాయి. విచిటా ఫాల్స్ దగ్గర ట్రక్ స్టాప్‌లో తూకం వేస్తే వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద ఉండాల్సినదానికంటే 260 పౌండ్లు ఎక్కువ వచ్చింది.

ముంచింది ట్రైలర్ బరువు కాదు, బండిలో కూర్చున్న మేం ఆరుగురం.

ముందు లెక్క, తర్వాతే బండి

ఏ ఎస్‌యూవీ అయినా సరే డ్రైవర్ డోర్ తెరవండి. పక్కన పిల్లర్ మీద టైర్ల ప్రెషర్ రాసి ఉండే పసుపు-తెలుపు స్టిక్కర్ ఉంటుంది, అందులోనే "మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు" అనే అర్థంలో ఒక లైను ఉంటుంది. అదే పేలోడ్. ఆ అంకె సరిగ్గా ఆ బండికే చెందింది, బ్రోషర్లో ఉండేది కాదు. ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించే లాగుడు సామర్థ్యాన్ని ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం తేలుస్తారు, అందులో బండిలో 150 పౌండ్ల చొప్పున ఇద్దరే ఉన్నారని లెక్క. మన ఇళ్ళల్లో ఇద్దరే బయల్దేరిన క్యాంపింగ్ ట్రిప్ ఎప్పుడైనా చూశారా?

మా లెక్క చెప్తాను, మీ అంకెలు వేసుకోండి. నేను 185, మా ఆవిడ 140, నాన్న 165, అమ్మ 140, పిల్లలిద్దరూ కలిపి 130. మొత్తం 760 పౌండ్లు. దానికి టంగ్ వెయిట్ కలపాలి, అంటే ట్రైలర్ ముందు భాగం మన హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, కాబట్టి తగ్గించి తప్పించుకుందాం అనుకోకండి. 3,800కి 12 శాతం అంటే 456. మనుషులతో కలిపి 1,216. ఆ మిడ్‌సైజ్ బండి స్టిక్కర్ మీద ఉన్నది 1,210. ఇంకా కూలర్, సూట్‌కేసులు, కుక్కర్, బియ్యం, దుప్పట్లు, మా అమ్మ "అక్కడ దొరకవు" అని కట్టిన ఇంకో రెండు సంచులు... ఇవేవీ లెక్కలోకి రాకముందే పేలోడ్ అయిపోయింది.

ట్రైలర్ బరువు విషయంలో కూడా డ్రై వెయిట్ అని రాసి ఉన్న అంకెను నమ్మకండి. అందులో నీళ్ళు, గ్యాస్, సామాను ఉండవు, చాలాసార్లు బ్యాటరీ కూడా ఉండదు. ఒక్క గాలన్ నీళ్ళే 8.3 పౌండ్లు, 30 గాలన్ల ట్యాంకు నింపితే దాదాపు 250. అందుకే ట్రైలర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని ఉండే గరిష్ఠ బరువునే లెక్కకు తీసుకోండి, లేదా డ్రై వెయిట్‌కి ఓ 800 పౌండ్లు కలుపుకోండి. మీకింకా ట్రైలర్ లేకపోతే ఒకటి రెండు సార్లు అద్దెకు తీసుకుని చూడండి. అమ్మావాళ్ళకు అందులో నిద్ర పడుతుందో లేదో, పిల్లలకు బోర్ కొడుతుందో లేదో తెలియకుండా బండీ ట్రైలరూ రెండూ కొనేయడం తొందరపాటు.

ఏ బండ్లు చూడాలి

నలుగురే వెళ్తూ పాప్-అప్ (మడిచి పెట్టే క్యాంపర్) లాంటి 2,000-2,500 పౌండ్ల ట్రైలర్ లాగాలంటే హైలాండర్ వీ6, పైలట్ లాంటివి చాలు. పైలట్ అయితే ఆల్ వీల్ డ్రైవ్‌ది 5,000 పౌండ్లు లాగుతుంది, ముందు చక్రాలతో నడిచేది 3,500 మాత్రమే, కాబట్టి చూసి కొనండి. హైలాండర్ హైబ్రిడ్ కూడా 3,500 దగ్గరే ఆగుతుంది. ఫోర్‌రన్నర్ అంటే మనవాళ్ళందరికీ మోజు, బండి గట్టిదే కానీ 270 హార్స్‌పవర్ ఇంజిన్‌తో పెట్టెలాంటి ఎత్తైన ట్రైలర్‌ని ఎదురుగాలిలో లాగుతుంటే ఆయాసపడుతుంది, మూడో వరస ఉన్నా అందులో పిల్లలే పట్టాలి.

ఆరేడుగురు అనుకుంటే ఫుల్ సైజ్‌కి వెళ్ళాల్సిందే: సీక్వోయా, ఎక్స్‌పెడిషన్, టాహో. సీక్వోయా 2008 నుంచి 2022 దాకా ఒకే తరం, 5.7 లీటర్ల వీ8, 381 హార్స్‌పవర్, 7,000 పౌండ్ల పైన లాగుతుంది. ఇంజిన్ మీద అందరికీ నమ్మకం, అందుకే పాతదైనా రేటు దిగదు. మైలేజీ సంగతి అడక్కండి, ట్రైలర్ తగిలిస్తే గాలన్‌కి 9 లేదా 10. దాని మొదటి ఏళ్ళలో చిన్న ఇంజిన్ కూడా వచ్చింది, 5.7 అని రూఢి చేసుకోండి. 3.5 ఎకోబూస్ట్ ఇంజిన్ ఉన్న ఎక్స్‌పెడిషన్‌లో, ముఖ్యంగా 2017 తర్వాతవాటిలో, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకండ్లు గరగరమంటే ఇంజిన్ వాల్వుల టైమింగ్ మార్చే క్యామ్ ఫేజర్లు పోతున్నట్టు, ఆ రిపేరు వేల డాలర్లలో ఉంటుంది. టాహోలో 5.3 ఇంజిన్‌కి ఇంధనం ఆదా కోసం కొన్ని సిలిండర్లు ఆపే ఏర్పాటు ఉంది, దానివల్ల వాల్వులను ఎత్తే లిఫ్టర్లు పాడైన బండ్లు చాలానే ఉన్నాయి, టిక్ టిక్ శబ్దం వస్తే వదిలేయండి.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు తప్పక చూడాల్సింది మూడో వరస. 2020 దాకా వచ్చిన టాహోలో వెనక ఒకే గట్టి యాక్సిల్, దానికోసం నేల ఎత్తు చేయడంతో మూడో సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ కాలపు ఎక్స్‌పెడిషన్‌లో, సీక్వోయాలో వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉండడంతో నేల కిందికి ఉంటుంది, మామూలు మనిషి కాళ్ళు చాపుకుని కూర్చోగలడు. నేను మా అమ్మను వెంటబెట్టుకుని మూడు బండ్లు చూశాను. రెండింటిలోకి ఎక్కడానికే ఆవిడ "నా మోకాళ్ళు నాకు కావాలి నాన్నా" అంది. మూడోది 2017 ఎక్స్‌పెడిషన్ ఎక్స్‌ఎల్‌టీ, ఆవిడ వెనక్కి ఎక్కి కూర్చుని సీటు నిమిరి "ఇది బావుంది" అంది, అదే కొన్నాం.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఖరీదైన ట్రిమ్ (అదే మోడల్లో హంగులు ఎక్కువున్న రకం) కొంటే పేలోడ్ తగ్గుతుంది. పనోరమిక్ రూఫ్, కరెంటుతో దిగే మెట్లు, పెద్ద చక్రాలు, కూలింగ్ సీట్లు, అన్నీ పేలోడ్‌లోంచే పోతాయి. ఒకే మోడల్, ఒకే ఏడాది బండ్లు రెండు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు స్టిక్కర్ల మధ్య 200 పౌండ్లకు పైగా తేడా చూశాను. పార్టీకి వెళ్తే ప్లాటినం ట్రిమ్ బావుంటుంది, ట్రైలర్‌కి మాత్రం మధ్యరకమే మేలు. మా దాని స్టిక్కర్ 1,540.

బండి చూడటానికి వెళ్ళినప్పుడు

పొద్దున్నే వెళ్ళండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకు ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందు ఎవరో వేడి చేసి పెట్టారు, ఏదో దాస్తున్నారు. ఇందాక చెప్పిన శబ్దాలు బాగా వినిపించేది చల్లటి స్టార్ట్‌లోనే.

కింద దూరి చూడండి, బట్టలు మాస్తాయని మొహమాటపడకండి. ఫోన్ టార్చ్ వేసి ఫ్రేమ్ పొడవునా చూడాలి. టెక్సాస్‌లోనే తిరిగిన బండికి పైపైన ఎర్రటి పొర తప్ప ఏమీ ఉండదు, అదే మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి మంచు రాష్ట్రాల్లో ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిందైతే రేకులు రేకులుగా లేచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొడి రాలితే ఆ బండి ఫ్రీగా ఇచ్చినా వద్దు, హిచ్ తగిలేది ఆ ఫ్రేముకే. హిచ్ రిసీవర్ (హిచ్ దూర్చే చదరపు గొట్టం) లోపల గీతలుంటే పాత ఓనర్ బాగా లాగాడని అర్థం. అదేం తప్పు కాదు, ఏం లాగాడు, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎప్పుడు మార్చాడు అని అడగండి. రసీదు చూపించినవాడి దగ్గర కొనండి, "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అన్నవాడి దగ్గర కొనకండి.

వరద బండ్లు మన ప్రాంతంలో నిజమైన బెడద. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ చుట్టుపక్కల మునిగిన బండ్లు లక్షల్లో ఉన్నాయి, వాటిలో కొన్ని వేరే రాష్ట్రాల టైటిల్ కాగితాలతో మళ్ళీ మార్కెట్లోకి వచ్చేశాయి. సీట్ బెల్టును చివరిదాకా లాగండి, చివర్లో బురద గీత ఉందేమో చూడండి. స్పేర్ టైర్ ఉండే చోట, సీటు కింద పట్టాల దగ్గర వేలు పెట్టి సన్నటి మట్టి ఉందేమో చూడండి. ఏసీ వేసి కిటికీలన్నీ మూసి ఐదు నిమిషాలు కూర్చుని వాసన చూడండి. వెనక ఏసీ విడిగా పరీక్షించండి, టెక్సాస్ జులైలో అది పనిచేయకపోతే మూడో వరస వాళ్ళు మీతో మాట్లాడరు.

అసలు టో ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీ అమర్చే సరంజామా) ఉందో లేదో తేల్చుకోవడం కూడా ఇక్కడే. వెనక రెండంగుళాల చదరపు రిసీవర్ కనబడినంత మాత్రాన అయిపోదు, అది బయట బిగించుకున్నదైనా కావచ్చు. కంపెనీ ప్యాకేజీ అయితే ఏడు పిన్నుల సాకెట్, ట్రాన్స్‌మిషన్ కూలర్, కొన్నింటిలో పెద్ద రేడియేటర్, వేరే యాక్సిల్ నిష్పత్తి కూడా వస్తాయి. టాహో లాంటి వాటికి గ్లవ్ బాక్స్‌లోనో డోర్ మీదో ఉండే కోడ్లలో జెడ్82 అంటే ట్రైలర్ ప్యాకేజీ, ఎన్‌హెచ్‌టీ అంటే మాక్స్ ట్రైలరింగ్. మిగతా బ్రాండ్లకు వీఐఎన్ (బండి గుర్తింపు) నంబర్‌తో డీలర్ దగ్గర అడిగితే ఫ్యాక్టరీ ఆప్షన్ల జాబితా ఇస్తారు. అదే నంబర్‌తో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్ కూడా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇవన్నీ నచ్చాక, డబ్బులిచ్చే ముందు మీకు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద పెట్టించి చూడండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో అయిపోయింది.

టెక్సాస్‌లో ప్రైవేటుగా కొంటే 6.25 శాతం టాక్స్, అదీ మీరిచ్చిన ధర మీద లేదా ప్రభుత్వం లెక్కగట్టిన విలువలో 80 శాతం మీద, ఏది ఎక్కువైతే దాని మీద. 30 రోజుల్లో టైటిల్ మార్పించుకోవాలి. కాగితం మీద రేటు తగ్గించి రాద్దాం అనే సలహాలు వినకండి, ఉపయోగం లేదు.

కొన్నాక దేనికి ఖర్చు పెట్టాలి

బండి ధరలో పది పదిహేను శాతం దీనికోసం ముందే పక్కన పెట్టుకోండి. మొదటి ఖర్చు ఎవరికీ కనిపించదు: ట్రాన్స్‌మిషన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, డిఫరెన్షియల్ ఆయిల్, అన్నీ మార్పించేయండి. లైఫ్‌టైమ్ అని పేరున్న ఆయిల్‌ని కూడా ట్రైలర్ లాగే బండ్లకు 60,000 మైళ్ళకే మార్చమని టయోటానే చెబుతుంది. తర్వాత టైర్లు. టైరు మీద డాట్ అనే అక్షరాల తర్వాత చివర ఉండే నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్ళు దాటితే ట్రెడ్ (టైరు మీది గాడులు) ఎంత ఉన్నా మార్చేస్తాను నేను, ముఖ్యంగా ట్రైలర్ టైర్లు. అవి అరగడం కంటే ఎండకు పగిలి పోవడమే ఎక్కువ.

మూడోది బ్రేక్ కంట్రోలర్, అంటే ట్రైలర్ బ్రేకులను డ్రైవర్ సీటు నుంచి నడిపే పరికరం. ట్రైలర్ 4,500 పౌండ్లు దాటితేనే టెక్సాస్‌లో దానికి బ్రేకులు తప్పనిసరి, కాలిఫోర్నియాలో అయితే 1,500కే. కానీ చట్టం సంగతి పక్కన పెట్టండి, బండి మాన్యువల్ తీస్తే 1,000 లేదా 1,500 పౌండ్ల దగ్గరే ట్రైలర్‌కి బ్రేకులు ఉండాలని రాసి ఉంటుంది. కంట్రోలర్ కొనేటప్పుడు ప్రపోర్షనల్ రకమే తీసుకోండి, మీరు ఎంత గట్టిగా నొక్కితే ట్రైలర్ కూడా అంతే ఆపుతుంది. టైమ్ డిలే రకం చవక, కానీ సిగ్నల్ దగ్గర ప్రతిసారీ కుదుపు, వెనక కాఫీ ఫ్లాస్క్ పట్టుకున్నవాళ్ళు తిడతారు. చాలా పెద్ద ఎస్‌యూవీల్లో డాష్ కింద దీనికోసం ప్లగ్ సిద్ధంగా ఉంటుంది, మీ మోడల్‌కి సరిపడే వైరు కొని మీరే తగిలించుకోవచ్చు. సెట్ చేయడం ఇలా: ఖాళీ పార్కింగ్ లాట్‌లో 25 మైళ్ళ వేగంలో కాలు బ్రేకు మీద పెట్టకుండా కంట్రోలర్ మీటను చేత్తో నొక్కండి. గెయిన్ (ట్రైలర్ బ్రేకు బలం) కొంచెం కొంచెం పెంచుతూ వెళ్తే ఒక దగ్గర ట్రైలర్ చక్రాలు బిగుసుకుంటాయి, అక్కడినుంచి కాస్త తగ్గించండి. సామాను బరువు మారినప్పుడల్లా మళ్ళీ చూసుకోవాలి.

ఆ తర్వాత వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. ఇది టంగ్ బరువులో కొంత ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ మీదికి పంచుతుంది, నా హెడ్‌లైట్ల బాధ తీరింది దీంతోనే. మాన్యువల్లో దీనిగురించి ఏం రాశారో ముందు చదవండి, కొన్ని బండ్లకు ఇది వద్దంటారు. అదే దాదాపు 80 పౌండ్లు ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి: 760, 456, 80 కలిపితే 1,296. మా 1,540లో మిగిలింది 244. వెనక స్ప్రింగులకు గాలి బ్యాగులు పెట్టిస్తే కుంగడం తగ్గుతుంది కానీ స్టిక్కర్ మీద అంకె ఒక్క పౌండు కూడా పెరగదు, ఈ మాట షాపువాళ్ళు చెప్పరు. ఇరవై ముప్ఫై డాలర్ల ఓబీడీ (బండి కంప్యూటర్ సాకెట్‌కి తగిలించే) బ్లూటూత్ ముక్క కొని ఫోన్లో ట్రాన్స్‌మిషన్ వేడి చూసుకోవడం మాత్రం డబ్బుకు తగ్గ పని.

లిఫ్ట్ కిట్, పెద్ద మడ్ టైర్లు, ఇనప బంపర్, రూఫ్ మీద టెంటు... ఇవి ఫొటోల్లో బావుంటాయి. బండి ఎత్తు పెరిగి, బరువు పెరిగి, ట్రైలర్‌తో మలుపు తిప్పేటప్పుడు చెమటలు పడతాయి. మనం వెళ్ళేది 30 ఆంప్స్ కరెంటు ఉన్న స్టేట్ పార్కుకి, అక్కడ మా ఆవిడ ఎలక్ట్రిక్ కుక్కర్లో పప్పన్నం వండుతుంది. రాళ్ళ మీద ఎక్కే పని లేదు.

బయల్దేరే ముందు తూకం

అందరూ ఎక్కి, సామాను సర్ది, ట్యాంకు నింపి ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్‌కి వెళ్ళండి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ మూడో దాని మీద ఆపి బటన్ నొక్కి కంపెనీ ట్రక్ కాదని చెబితే చాలు, ఫోన్ యాప్‌తో కూడా అవుతుంది. ఖర్చు ఇరవై డాలర్లలోపే. చీటీలో వెనక యాక్సిల్ అంకెను డోర్ మీద ఉన్న జీఏడబ్ల్యూఆర్‌తో, అంటే ఆ యాక్సిల్ మోయగల గరిష్ఠ బరువుతో పోల్చండి. ఎక్కువైతే బండిలోని సామాను ట్రైలర్‌లోకి మార్చండి, దాని చక్రాలకు కాస్త ముందువైపు ఎక్కువ పడేలా. అన్నీ వెనక మూల పడేస్తే టంగ్ తేలికై ట్రైలర్ ఊగుతుంది. ఊగితే మాత్రం బండి బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని గ్యాస్ వదిలేసి, కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయండి.

పాలో డ్యూరోలో కెన్యన్ లోపలికి దిగే రోడ్డు 10 శాతం వాలు. టో/హాల్ (ట్రైలర్ లాగేటప్పటి గేరు మోడ్) బటన్ నొక్కి, పైనుంచే చిన్న గేరులో దిగండి, బ్రేకు కాలుస్తూ కాదు. కొలరాడో వెళ్ళేవాళ్ళు రేటన్ పాస్ 7,834 అడుగులని గుర్తుంచుకోండి, టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం బలం పోతుంది, కుడి లేన్‌లో మెల్లగా ఎక్కండి. పిల్లలు ట్రైలర్‌లో పడుకుని వస్తాం అంటారు. ఒప్పుకోకండి, నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు ఉండటం టెక్సాస్‌లో నేరం.

ఇక రివర్స్. ఆదివారం పొద్దున ఏ స్కూలు పార్కింగ్‌లోనో రెండు గంటలు ప్రాక్టీస్ చేయండి. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టుకుంటే సులువు, ట్రైలర్ ఎటు వెళ్ళాలో చెయ్యి అటే జరపండి. కింద నిలబడి దారి చూపే మనిషితో ఫోన్ కాల్‌లో మాట్లాడండి, అరుచుకోవద్దు. మేం మొదటిసారి అరుచుకున్నాం, పక్క సైట్లో ఉన్న పెద్దాయన కుర్చీ మాకేసి తిప్పుకుని కూర్చున్నాడు. టెక్సాస్ స్టేట్ పార్కుల సైట్లు ఐదు నెలల ముందే బుకింగ్‌కి తెరుస్తారు, అప్పుడే రివర్స్ అక్కర్లేని పుల్-త్రూ సైట్ చూసి పట్టుకోండి, మొదటి రెండు ట్రిప్పులకైనా.